కూత వినిపించని పిట్ట మీద అరగంట రేడియో

"కలివికోడి మీద అరగంట రూపకం చేస్తాను" అని క్వార్టర్లీ షెడ్యూల్ మీటింగులో నేను అన్నప్పుడు ఎవరూ కాదనలేదు. కడపలో ఉంటూ, అందులోనూ రేడియోలో పనిచేస్తూ, ఇక్కడి పొదల్లో బతికే అరుదైన పిట్ట కలివికోడిని వద్దనేవాళ్ళెవరు? మా పెక్స్ గారు, అంటే ప్రోగ్రామ్ ఎగ్జిక్యూటివ్, రాసుకుంటున్న పెన్ను ఆపి ఒకే మాట అడిగారు.

"దాని కూత ఉందా నీ దగ్గర?"

"లేదు సార్."

"మరి రేడియోలో ఏం వినిపిస్తావమ్మా?"

టీవీ వాళ్ళకైతే ఈ తంటా లేదు. పాత ఫోటో ఒకటి తెరమీద పెట్టి, కింద సంగీతం వేసి నడిపించేస్తారు. రేడియోలో పిట్ట అంటే కూతే. ఆ కూత లేకుండా పని మొదలుపెట్టాను. తర్వాత అది చేతికొచ్చింది. అయినా ప్రసారంలో వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదని ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో. నేను క్యాజువల్ అనౌన్సర్‌ని. నెలకు ఆరు డ్యూటీలకు మించి ఇవ్వరు కాబట్టి దాంతో ఇల్లు గడవదు, మిగతా రోజుల్లో కాలేజీలో జువాలజీ చెప్తాను. సైన్స్ పిచ్చి మాత్రం కాలేజీలో పట్టింది కాదు, రేడియోలోనే పట్టింది. 1990ల మొదట్లో ఆకాశవాణి, కేంద్ర ప్రభుత్వ సైన్స్ శాఖ కలిసి మనిషి పరిణామం మీద 144 భాగాల సీరియల్ ఒకటి 18 భాషల్లో ప్రసారం చేశాయి. పేరు నమోదు చేసుకుని విన్న స్కూలు పిల్లల్లో నేనూ ఒకదాన్ని. ఆదిమానవుడి బొమ్మ పుస్తకంలో చూడకముందే అతను రాయి మీద రాయి కొట్టే చప్పుడు విన్నాను. సైన్స్ చెప్పాలంటే బొమ్మ ఉండి తీరాలి అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోకపోవడానికి కారణం అదే.

ఇక కలివికోడి. మద్రాసు సైన్యంలో డాక్టరుగా ఉన్న థామస్ జెర్డాన్ 1848లో దీన్ని లోకానికి పరిచయం చేశాడు, అందుకే ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్. పొడవు 27 సెంటీమీటర్లు. పొడుగు కాళ్ళు, పెద్ద కళ్ళు, రొమ్ము మీద అడ్డంగా రెండు గోధుమరంగు పట్టీలు. పగలంతా పొదల నీడలో కదలకుండా ఉండి, చీకటి పడ్డాక చెదలూ చీమలూ ఏరుకు తింటుంది. ఎగరగలదు కానీ నడకే ఎక్కువ. 1900లో అనంతపురం దగ్గర కనిపించిందని రాసిపెట్టిన తర్వాత దాని ఊసే లేదు. అంతరించిపోయిన వాటి లెక్కలో వేసేశారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ మన జిల్లాలో వెతుకుతుంటే, రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే పిట్టల వేటగాడు రాత్రిపూట దాన్ని ప్రాణంతో పట్టి తెచ్చాడు. కబురు అందగానే 89 ఏళ్ళ సలీం అలీ బయలుదేరి వచ్చారు. పిట్ట బతకలేదు గానీ, ఆ జాతి ఉందని తేలింది. 1988లో తపాలా బిళ్ళ వేశారు, ఆ పిట్ట కోసమే మా లంకమల కొండల్లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పాటైంది.

ఇందులో నాకు బాగా నచ్చిన ముక్క గుడ్డుది. కోలార్ బంగారు గనుల ప్రాంతంలో 1917లో ఎవరో సేకరించిన గుడ్డు ఒకటి స్కాట్లాండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో పడి ఉండి, 2013లో బయటపడింది. ఇంకో మ్యూజియంలో ఉన్న పాత పిట్ట కాలి నుంచి తీసిన డీఎన్‌ఏతో పోల్చి అది కలివికోడిదేనని తేల్చారు. లంకమల పిట్ట గుడ్డు అబర్డీన్‌లో! దీనికోసం స్క్రిప్టులో రెండు పేజీలు రాసి, చివరికి నాలుగు వాక్యాలకు కుదించాను. మనసొప్పకుండానే కుదించాను. ఆ గుడ్డు కథ మొదలుపెడితే వినేవాళ్ళు స్కాట్లాండు వెళ్ళిపోతారు, మళ్ళీ లంకమలకు తీసుకురావడం కష్టం.

అడవిలో రికార్డింగుకి అనుమతి కావాలి. అర్జీ పెట్టుకున్నాను, వచ్చింది. షరతులు స్పష్టంగా ఉన్నాయి. సిబ్బంది వెంట ఉండాలి, రాత్రి అక్కడే ఉండిపోకూడదు, పిట్టను చూసిన లేదా విన్న చోటు పేరు ప్రసారంలో చెప్పకూడదు. మొదటి షరతు ఎర్రచందనం వల్ల అనుకుంటా. ఆ అడవుల్లో సాయంత్రం పూట ఎవరు కనిపించినా ముందు దుంగల దొంగే అనుకుంటారు. నా సంచిలోంచి బొచ్చు తొడుగు వేసిన మైకు బయటికి తీసినప్పుడు చెక్‌పోస్టు దగ్గర కుర్రాడు రెండడుగులు వెనక్కి వేశాడు. ఏదో జంతువును చంపి సంచిలో పెట్టుకున్నానని అతని భయం. గాలి చప్పుడు పడకుండా వేసే తొడుగని చెప్పి, హెడ్‌ఫోన్ చెవికి పెట్టి వినిపించేసరికి నవ్వేశాడు. తర్వాత సాయంత్రాలన్నీ మాతో అతనే వచ్చాడు.

అడవికి వెళ్ళే ముందు ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. వయసులో ఉన్నప్పుడు కౌజులు పట్టేవాడని, రాత్రిళ్ళు పొదలెంట తిరిగేవాడని తెలిసినవాళ్ళు చెప్పారు. ఇలాంటివాళ్ళతో మాట్లాడేటప్పుడు నేను పాటించే నియమం ఒకటుంది. నాకు తెలిసింది ముందు చెప్పను. "అది ట్విక్-టూ, ట్విక్-టూ అని అరుస్తుందంట కదా?" అని అడిగితే, మర్యాద తెలిసిన మనిషి ఎవరైనా "అవునమ్మా" అంటాడు. ఆ జవాబు దేనికీ పనికిరాదు. అందుకని ఊరికే, "రాత్రిళ్ళు ఏమేం వినేవాడివి పెద్దాయనా?" అని మొదలుపెట్టాను.

తీతువు సంగతి చెప్పాడు. గూబల సంగతి చెప్పాడు. తీతువు అరిస్తే వాళ్ళమ్మ వేటకు పోనిచ్చేది కాదట. ఆ కథ చాలాసేపు నడిచింది, నేను ఆపలేదు, అందులో మంచి ముక్కలు దొరికాయి. చివరికి తనే దాని దగ్గరికి వచ్చాడు.

"కలివికోడి అరిచేది పొద్దు గూకినంక మ్మా. మసక మసకగా ఉన్నెప్పుడు కాదు, బాగా చీకటి పడినంక. రెండు మాట్లు రెండు మాట్లుగా అరుచ్చాది. రోంచేపే. మళ్ళ గమ్మునుంటాది."

"ఎట్లా అరుస్తుంది?"

నోట్లో వేలు పెట్టి ఈల వేశాడు. రెండు ముక్కల ఈల, రెండోది కాస్త సాగదీసి. నా ఒళ్ళు ఝల్లుమంది. ఎందుకంటే పరిశోధకులు రాసిందీ అదే. సూర్యాస్తమయమైన సుమారు ముప్పావు గంట తర్వాత మొదలై, కొద్దిసేపు మాత్రమే సాగే రెండక్షరాల కూత. ఆ పెద్దాయనకు చదువు రాదు, ఆ పరిశోధన ఆయన చెవిన పడే దారి నాకైతే కనిపించలేదు.

అయినా ఈ రంగంలో పనిచేసే ఒక పరిశోధకుడికి ఆ ఈల పంపించి అడిగాను. ఆయన సంతోషించారు గానీ పొంగిపోలేదు. "కావచ్చు. అయితే రాత్రి అరిచే పిట్టలు ఇంకా ఉన్నాయి కదా. జ్ఞాపకం చాలా పాతది. కలివికోడే అని నేను అనను, కాదనీ అనను" అన్నారు. ఇలాంటి జవాబు విని కొందరు నిర్మాతలు నీరుగారిపోతారు. నాకైతే ఆ మాటే కార్యక్రమంలో పెట్టాలనిపించింది, పెట్టాను కూడా. సైన్స్ అంటే గట్టిగా చెప్పడం అనుకునేవాళ్ళకు, తెలిసినవాడు ఎంత జాగ్రత్తగా మాట్లాడతాడో వినిపించడం కన్నా మంచి పాఠం ఏముంటుంది?

ఆయనే, శాస్త్రవేత్తలు 2000 తర్వాత తొలి సంవత్సరాల్లో రికార్డు చేసిన అసలు కూత నాకు పంపించారు. "వినడానికి మాత్రమే, ప్రసారం సంగతి తర్వాత మాట్లాడుకుందాం" అని మాట తీసుకుని మరీ పంపారు. దాన్ని తీసుకుని మళ్ళీ పెద్దాయన దగ్గరికి పోయి హెడ్‌ఫోన్ పెట్టాను. కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఇదే. కాకుంటే ఇది శానా దూరంగా ఉండాది. మేం దగ్గిర్నుంచి వినింటిమి."

ఇది శాస్త్రానికి సాక్ష్యం కాదు, నాకు తెలుసు. ముందు కూత వినిపించి తర్వాత అడిగినట్టయింది. కానీ ఈల ముందే నా రికార్డర్లో ఉంది, తేదీతో సహా. వరస ముఖ్యం. ఆ వరసను కార్యక్రమంలో కూడా మార్చకుండా ఉంచాను.

ఇక అడవి. చలికాలం మొదలైంది, పొద్దు ఆరు కొట్టకముందే పోతుంది. మేం కూర్చున్న చోట కలివి పొదలు, రేగు, అక్కడక్కడ తుమ్మ. మధ్యలో గులకరాళ్ళ నేల. దీన్ని అడవి అంటే చాలామంది ఒప్పుకోరు. పట్నం నుంచి వచ్చినవాళ్ళు "అడవి ఇంకా ఎంతదూరం?" అని అడుగుతారు, అడవిలో నిలబడే. రెవెన్యూ భాషలో ఇలాంటి నేలకున్న పేర్లన్నీ పనికిరానిదనే చెప్తాయి. కలివికోడికి కావలసింది సరిగ్గా ఇదే.

మైకు పట్టుకుని కూర్చోవడం వినడానికి తేలికే. జేబులో తాళాలు తీసెయ్యాలి. నైలాన్ జర్కిన్ పనికిరాదు, ఊపిరి తీసుకున్నా చప్పుడే. ఫోన్లు దూరంగా పెట్టాలి, లేకపోతే సిగ్నల్ వెతుక్కునే గరగర రికార్డర్లో పడుతుంది. గాలి గుయ్‌మనకుండా లో-కట్ ఆన్ చెయ్యాలి. మొదట మన గొంతుతోనే తేదీ, టైమ్, మైకు ఏ దిక్కుకు ఉందో చెప్పాలి. ఇవన్నీ అయ్యాక దోమలు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే దోమ మన చెవిలో కాదు, మెదడులో తిరుగుతున్నట్టు ఉంటుంది. కొట్టడానికి లేదు.

పొద్దు వాలేటప్పుడు మేకల మందలు ఇళ్ళకు మళ్ళుతాయి, మెడగంటలు కుడినుంచి ఎడమకు సాగిపోతాయి. నెమళ్ళు ఒకదానికొకటి బదులిస్తాయి. కౌజులు ఆఖరిసారి గోల చేసి ఆపేస్తాయి. కాస్సేపు అంతా ఖాళీ. అప్పుడు నైట్‌జార్ అనే రాత్రి పిట్ట మొదలెడుతుంది, గోలీని గచ్చు మీద వదిలితే ఎగిరెగిరి, దగ్గరదగ్గరై ఆగినట్టు ఉంటుంది దాని కూత. ఎక్కడో తీతువు. ఇంకెక్కడో బోరు మోటారు. అన్నింటికీ అడుగున రోడ్డు మీది లారీల హోరు, కన్ను మూస్తే సముద్రం అనుకుంటాం.

ముప్పావు గంట దాటేటప్పుడు అందరికీ టెన్షన్. చెక్‌పోస్టు కుర్రాడు ఊపిరి బిగబట్టడం నా హెడ్‌ఫోన్లో వినిపించేది.

కలివికోడి అరవలేదు. వెళ్ళిన ఏ సాయంత్రమూ అరవలేదు. ఇంటికొచ్చి రికార్డింగులన్నీ కంప్యూటర్లో స్పెక్ట్రోగ్రామ్ వేసి చూశాను. ధ్వనిని బొమ్మగా చూపిస్తుందది, లారీల హోరు కింద మసిలాగా, కీచురాళ్ళు పైన అడ్డగీతగా కనిపిస్తాయి. మధ్యలో ఆ రెండు ముక్కల గుర్తు ఎక్కడా లేదు. ఉంటుందని నేనూ అనుకోలేదు. ప్రపంచం మొత్తం మీద 50 నుంచి 249 దాకా ఉండవచ్చని అంచనా వేసిన పిట్ట, మనం అనుమతి కాగితం చూపించగానే వచ్చి కూస్తుందా?

స్టూడియోలో అసలు గొడవ అప్పుడు మొదలైంది. ఎడిటింగ్‌లో సాయం చేసే కుర్రాడు చాలా చురుకైనవాడు. "మేడమ్, మీ రికార్డింగు చప్పగా ఉంది. లైబ్రరీలో రాత్రి అడవి సౌండ్ ఉంది, కింద వేస్తే అదిరిపోతుంది" అన్నాడు. వేసి వినిపించాడు. నిజంగానే అదిరిపోయింది. కప్పలు, జలజలమనే నీళ్ళు, ఏదో దేశపు గూబ. ఏ వానాకాలపు దట్టమైన అడవిలోనో తీసింది. లంకమల అంచున డిసెంబరులో కప్పలెక్కడివి?

"ఎవరు కనిపెడతారు మేడమ్?"

కనిపెడతారు. మా స్టేషన్లో పాతవాళ్ళు చెప్పుకునే ముచ్చట ఒకటుంది. సంక్రాంతి నేపథ్యంలో వేసిన నాటకంలో తెల్లవారుజామున కోయిల కూయిస్తే, ఒక రైతు కార్డు రాశాడట, "పుష్యమాసంలో మీ స్టేషన్లో కోయిల కూసింది, మా ఊళ్ళో ఇంకా మొదలుపెట్టలేదు" అని. మీడియం వేవ్ వినేవాళ్ళలో పొలం కాపలా ఉండేవాళ్ళు, మేకలు కాసేవాళ్ళు ఎక్కువ. అడవి చప్పుడు విషయంలో వాళ్ళను మోసం చెయ్యలేం. సరే, ఒకవేళ చెయ్యగలిగినా, పిట్ట గురించి నిజం చెప్తానని కూర్చుని దాని ఇల్లు తప్పు చూపించడమేంటి?

చప్పదనానికి వేరే కారణం కూడా ఉంది, అది ఇంజినీరు గారు చెప్పారు. మీడియం వేవ్‌లో పై స్థాయి ధ్వనులు, దాదాపు 5 కిలోహెర్ట్జ్ దాటినవి, వెళ్ళవు. స్టూడియో స్పీకర్లో గింగురుమనే కీచురాళ్ళలో సగం, ట్రాన్సిస్టర్లో ఉండనే ఉండవు. యాప్‌లో వినేవాడికి ఒక అడవి, సెట్టులో వినేవాడికి ఇంకో అడవి. అందుకని మిక్సింగు పూర్తయ్యాక పెద్ద స్పీకర్ కట్టేసి, చిన్న జేబు రేడియోలాంటి స్పీకర్లో విన్నాను. మెడగంటలు, తీతువు, నైట్‌జార్ నిలబడ్డాయి. కీచురాళ్ళను తగ్గించి వాటిని ముందుకు తెచ్చాం. బయటినుంచి ఒక్క చప్పుడు కూడా కలపలేదు.

ఇప్పుడు ఆ అసలు కూత సంగతి. పరిశోధకుడితో ఫోన్‌లో చాలాసేపు మాట్లాడాను. కలివికోడిని వెతికే పద్ధతుల్లో ఒకటి, చీకటి పడ్డాక దాని కూతను స్పీకర్లో వినిపించి, బదులొస్తుందేమో చూడటం. తెలిసినవాళ్ళు, అనుమతితో, లెక్కగా చేసే పని అది. ఇంకో పద్ధతి నాకు మరీ ఇష్టం. పొదల మధ్య నేలను శుభ్రం చేసి, జల్లించిన మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, పొద్దున్నే అడుగుజాడలు చూస్తారు. కలివికోడి కాలికి వెనకవేలు ఉండదు, ముందు మూడు వేళ్ళ గుర్తులే పడతాయి. పక్కనే కెమెరాలు కూడా పెడతారు.

అడుగుజాడ పద్ధతిని రేడియోలో ఎంత వివరంగా చెప్పినా నష్టం లేదు. కూత అలా కాదు. ప్రసారం చేసిన నిమిషంలో ఎవరైనా ఫోన్‌లో పట్టుకోవచ్చు. ఆ ఆదివారమే నలుగురు కుర్రాళ్ళు బైకు మీద పోయి పొదల దగ్గర పదేపదే మోగించవచ్చు, చెడ్డ ఉద్దేశంతో కాదు, సరదాకే. తన చోటులోకి ఇంకో పిట్ట చొరబడిందనుకుని మేత మానుకుని అది వెతుక్కుంటుంది. పట్టేవాళ్ళు పట్టుకుపోయే ప్రమాదం సరేసరి. ఇంతా చేసి ఆ రికార్డింగు ఇంటర్నెట్‌లో వెతికితే దొరక్కపోదు కదా అని మా పెక్స్ గారు వాదించారు. నిజమే. కానీ వెతికి తెచ్చుకునేవాడు ఒకరకం, లంకమల చుట్టూ ఉన్న ఊళ్ళన్నింటికీ ఒకేసారి రేడియోలో వినిపించడం ఒకరకం. మా ప్రసారం సరిగ్గా ఆ పిట్ట బతికే చోటే బాగా వినిపిస్తుంది.

"చేతిలో ఉన్నది వెయ్యకపోవడమేంటమ్మా, నా సర్వీసులో చూళ్ళేదు" అన్నారు. చివరికి సంతకం పెట్టారు.

స్క్రిప్టులో ఎక్కువ తిప్పలు పెట్టింది అంకెలు. ఈ పిట్ట ఎలాంటి చోట ఉంటుందో పరిశోధకులు పొదలు లెక్కపెట్టి తేల్చారు. రెండు మీటర్ల కన్నా ఎత్తున్న పొదలు హెక్టారుకు 300 నుంచి 700 ఉండాలి, చిన్న పొదలు 1,000 లోపు ఉండాలి. చదివితే అద్భుతం. చెవికి ఇస్తే గాలికి పోయే అంకెలు. మనవాళ్ళలో హెక్టారు లెక్కలో ఆలోచించేవాళ్ళు ఎవరు? ఎకరాకు మార్చితే సుమారు 120 నుంచి 280 పెద్ద పొదలు. అప్పుడు ఇలా రాశాను: "మీ ఎకరం చేను గుర్తు తెచ్చుకోండి. అందులో మనిషి కన్నా ఎత్తైన పొదలు నూట ఇరవై. వాటి మధ్య మేక నడిచే దారులు. అదీ కలివికోడి ఇల్లు." పై అంకె వదిలేశాను. రేడియోలో ఒక వాక్యానికి ఒక అంకె చాలు, రెండోది మొదటిదాన్ని తినేస్తుంది.

ఆ మేక దారుల మాట కావాలనే పెట్టాను. పర్యావరణం అనగానే మేకలవాళ్ళను దోషుల్ని చేసే అలవాటు మా రేడియోలోనూ ఉంది. కానీ ఈ పిట్టకు మరీ చిక్కటి పొదలూ పనికిరావు, నడవడానికి ఖాళీ కావాలి. మేకలు ఓ మోస్తరుగా మేస్తేనే ఆ ఖాళీ ఉంటుంది. మరీ మేసినా, వంటచెరుకుకి పొదలు నరికేసినా చెడిపోతుంది. అసలు దెబ్బ భూమి రూపమే మారినప్పుడు తగులుతుంది: పొదలు పీకి చేను చెయ్యడం, రాళ్ళ తవ్వకం, కాలువలు. తెలుగుగంగ కాలువ పని ఈ పిట్ట తావుల దగ్గరికి వచ్చినప్పుడు పెద్ద వాదనే నడిచి, కాలువ దారి మార్చారు, కొంత భూమి సేకరించారు. రాయలసీమలో నీళ్ళకు, పిట్టకు మధ్య పోటీ పెట్టి మాట్లాడటం తేలిక, రెండువైపులా కేకలు వేయించవచ్చు. నేను ఒక మేకల కాపరి చేత, ఒక రైతు చేత మాట్లాడించి, మధ్యలో తీర్పు చెప్పకుండా వదిలేశాను. ఆ రైతు అన్న మాట ఉంది చూడండి, "కాలువ యా పక్కనుంచైనా రానీ, మాకు నీళ్ళొచ్చే సాలు. పిట్టను సంపమని మేం అడగలే" అని. దాని ముందు నా వ్యాఖ్యానం ఎందుకు?

ఆఖరి పేచీ మౌనం గురించి. పెద్దాయన ఈల అయిపోయాక, నా మాట లేకుండా, సంగీతం లేకుండా ఆ సాయంత్రపు చప్పుడే కాసేపు నడవాలని నా పట్టుదల. రేడియోలో అది ప్రమాదం. డ్యూటీ రూములో వాళ్ళు లైను పోయిందనుకుంటారు, వెంటనే ఫిల్లర్ పాట ఎక్కిస్తారు, లాగ్ బుక్కులో బ్రేక్‌డౌన్ రాస్తారు. వాళ్ళ తప్పు కాదు, వాళ్ళ పనే అది. క్యూ షీటులో ఎర్ర ఇంకుతో ఆ చోటు గుర్తుపెట్టి ఇచ్చాను. స్క్రిప్టులో కూడా ఒక వాక్యం చేర్చాను: "ఇప్పుడు కాసేపు నేను మాట్లాడను. మీ రేడియో చెడిపోలేదు." మొత్తం కార్యక్రమంలో జనానికి గుర్తుండిపోయిన వాక్యం అదేనని తర్వాత తెలిసింది.

ప్రసారమైన రాత్రి నేను ఇంట్లో విన్నాను. ఏమీ పాడవలేదు.

తర్వాత వాట్సాప్‌లో వచ్చినవి రకరకాలు. ఒకాయన బాగా కోప్పడ్డారు: "కలివికోడి కూత వినిపిస్తారని కూర్చుంటే ముసలాయన ఈల వినిపించారు." ఆయనకు కారణం రాశాను, ఒప్పుకున్నట్టు లేదు. ఎక్కువమంది మాత్రం తమ ఊరి రాత్రి చప్పుళ్ళు ఫోన్‌లో రికార్డు చేసి పంపడం మొదలుపెట్టారు, ఇది కలివికోడేనా అంటూ. అన్నీ తీతువులు, గూబలు, ఒకటి మాత్రం పక్కింటి గేటు కిర్రుమనే చప్పుడు. ఒక్కోదానికి జవాబిచ్చాను. ఏది ఏ పిట్టో చెప్తే, "అట్లయితే ఇన్నేళ్ళూ మేం వింటాండేది ఇదన్నమాట" అని రాసినవాళ్ళున్నారు. అది నాకు కలివికోడి దొరికినంత సంబరం. ఎందుకంటే అరుదైన పిట్ట పేరు చెప్పి, రోజూ వినే పిట్టను పరిచయం చెయ్యగలిగాను.

2025 ఆగస్టులో వార్త వచ్చింది. పక్షి పరిశీలకుల చిన్న బృందం ఒకటి కడప ప్రాంతంలోనే రాత్రిపూట కలివికోడి కూతను రికార్డు చేసిందని. ఏళ్ళ తరబడి జాడ లేక, ఈసారి నిజంగానే పోయిందేమో అనుకుంటున్న పిట్ట. పొద్దున్నే నా ఫోన్ మోగింది. రిటైరైపోయిన మా పెక్స్ గారు.

"చూశావా? ఇప్పుడైనా కూత వేస్తావా?"

"ఇప్పుడైతే అస్సలు వెయ్యను సార్. ఉందని తెలిసిన పిట్టకే కదా ఎక్కువ ప్రమాదం."

ఆయన పెద్దగా నవ్వి, అయితే ఏం చేస్తావని అడిగారు. కొత్త కార్యక్రమం కాగితం మీద పెట్టాను. ఈసారి కలివికోడి పేరు శీర్షికలో ఉండదు. ఆ పొదల నేల మీదే అరగంట: కలివి పండ్లు ఏరి అమ్మేవాళ్ళు, మేకల కాపరులు, మట్టి పట్టీల మీద అడుగుజాడలు చూసేవాళ్ళు, చెక్‌పోస్టు కుర్రాడు. అతనిప్పుడు కళ్ళు మూసుకుని పిట్టల పేర్లు చెప్తున్నాడు, నాకన్నా వేగంగా. పెద్దాయనకు వినికిడి తగ్గింది కానీ ఈల మాత్రం అదే ఈల, మళ్ళీ రికార్డు చేశాను. వచ్చే క్వార్టర్ షెడ్యూల్లో చోటు అడిగాను, ఇంకా ఖాయం కాలేదు.